నలభై ఏడో నంబరు మైసమ్మ

రండి, ఇట్లా గోడ నీడలోకి జరిగి కూర్చోండి. ఇంకా దగ్గరికి. గట్టిగా అరిచి చెప్పడం నాకు రాదు, అదీగాక ఇది అరిచి చెప్పుకునే సంగతీ కాదు. నేను చేసిన ఒక పొరపాటు వల్ల బడంగ్‌పేట్‌లో మూడో అంతస్తులో కిటికీ పక్కన కూర్చున్న ఒక ఆడమనిషి, నేల మీద కాలు పెట్టే రోజు కోసం అదనంగా ఎదురుచూడాల్సి వచ్చింది. పొరపాటంటే పెద్దదేం కాదు. చిటికెడు పసుపు. అది ఎంత దూరం పోయిందో విన్నాక నన్ను తిడతారో, నవ్వుతారో మీ ఇష్టం.

ఇబ్రహీంపట్నంలో మేం ఈ కాలనీకి వచ్చినప్పుడు మా వీధిలో ఇళ్ళకన్నా ఖాళీ ప్లాట్లే ఎక్కువ. అంతకుముందు ఊళ్ళో మాకు రెండెకరాల చెలక ఉండేది. అది వెంచర్లో కలిసిపోయింది. మేం వచ్చి ఇక్కడ రెండు గదులు వేసుకున్నాం. మా ఇంటాయన టీవీ చూడ్డం చాలా తొందరగా నేర్చుకున్నాడు. నాకే చేతులు ఊరుకునేవి కావు. తోమిన గిన్నెలే మళ్ళీ తోమేదాన్ని. చివరికి మా కోడలు ఒకరోజు గిన్నె ఎత్తి పట్టుకుని, "అత్తమ్మా, ఇంక జర తోమితే అవతల మనిషి కనబడుతడు," అంది.

మా ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉన్న ప్లాటు నంబరు నలభై ఏడు. దాని ఓనరు ఎవరో వీధిలో ఎవరికీ తెలియదు. ఓనరు కనబడని ప్లాటంటే వీధి మొత్తానికీ సొంత పెంటకుప్ప. ఎవరింట్లో ఏం వండారో, ఎవరింటి పిల్లకు డైపర్ మాన్పించారో ఆ ప్లాటును చూస్తే తెలిసిపోయేది. ఒక పగిలిన కమోడ్ కూడా ఉండేది. దాని మీద ఒక నల్ల పిల్లి రోజూ పొద్దున్నే ఎండకు కూర్చునేది, పెద్ద ఆఫీసర్ కుర్చీలో కూర్చున్నట్టు. మిగతా జాగా అంతా సర్కారు తుమ్మ.

పక్కింటి చెల్లె బట్టలు కుడుతుంది. కుట్టుమిషన్ ఆగినా ఆమె నోరు ఆగదు. ఒకరోజు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"అక్కా, గీ వాసనకు నా దగ్గరికి వచ్చినోళ్ళు కొలతలియ్యకుండనే ఉరుకుతున్నరు. జాకెట్లన్నీ అందాజకు కుడుతున్న. నిన్న ఒకామెకు చెయ్యే దూరలేదు."

"మరి సాఫ్ చేద్దామా?"

"ఇద్దరమా?"

"నీయి రెండు చేతులు, నాయి రెండు. నాలుగైతయి గదా."

మర్నాడు పొద్దున్నే పార, గంప పట్టుకుని దిగాం. మా ఇంటాయన చాయ్ గ్లాసుతో గేటు దగ్గర నిలబడి చూశాడు.

"మున్సిపాల్టోళ్ళు మీకేమన్న నౌకరిచ్చిన్రా ఏంది?"

"నువ్వు వచ్చి గా తుమ్మ కొట్టినవంటే నీకు గూడ ఇప్పిస్త," అన్నాను.

ఆయన చాయ్ తాగడం మొదలుపెట్టినంత నిదానంగా పూర్తి చేసి, గొడ్డలి తెచ్చాడు. ఎనిమిది రోజులు పట్టింది. కమోడ్‌ను చెత్త ట్రాక్టర్‌లోకి ఎక్కించినప్పుడు పిల్లి ట్రాక్టర్ వెనక వీధి చివరిదాకా నడిచింది. తొమ్మిదో రోజున పార దిగేసి చూస్తే కింద ఎర్రమన్ను. పిడికెడు తీసి నలిపి వాసన చూశాను. ఎన్నేళ్ళకో అనిపించింది. పుంటికూర, అదే మీ గోంగూర, తోటకూర, బెండ, టమాట, కంచె వారగా చిక్కుడు, బీర. అన్నీ మనసులోనే మళ్ళు కట్టేశాను.

ఇప్పుడు పసుపు సంగతి. మా చెలకలో విత్తనం పడే రోజున మా అత్త గట్టు మీద ఉన్న ఒక రాయిని కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ఇంత బెల్లం ముక్క ముందు పెట్టేది. భూమికి చెప్పి మొదలుపెట్టడమన్న మాట. దానికి గుడి లేదు, పేరు లేదు. నాకూ అదే అలవాటు. ప్లాటులో గట్టు లేదు. ఉన్న రాయి ఒక్కటే, మూలన మోకాలెత్తున పాతిన హద్దురాయి. దాని మీద తెల్లరంగుతో నలభై ఏడు అని రాసి ఉంది. నేను చదివింది మూడో తరగతి అయినా అంకెలు బాగానే వస్తాయి. చదివాను, చదివి కూడా దాని మీదే పసుపు మెత్తాను. పచ్చగా నిండుగా మెత్తితే అంకె కనబడకుండా పోయింది. బొట్టు పెట్టి, బెల్లం పెట్టి, విత్తనం చల్లాను.

"కబ్జా కేసు పెడితే నేను నిన్ను ఎరుగనంట," అన్నాడు మా ఇంటాయన.

"నలభై ఏండ్ల కాపురం చేసినంక గదొక్కటే మిగిలింది," అన్నాను.

కూర మొలిచింది. ఒక్కొక్కళ్ళే గేట్లు తీసుకుని బయటికి వచ్చారు. అప్పటిదాకా మా వీధిలో మనుషులు ఉన్నారని బండ్లను బట్టి లెక్క కట్టుకోవడమే తప్ప ముఖాలు తెలియవు. ప్లాటుకు అవతల మేడమీద కంప్యూటర్ల ఉద్యోగం చేసే భార్యాభర్తలుండేవాళ్ళు. ఆ అమ్మాయి ఒక సాయంత్రం చిన్న బకెట్టులో బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి, ఎక్కడ పోయాలో తెలియక, మొక్కకొక చుక్క చొప్పున మందు పోసినట్టు పోసింది. మేం ఒకటే నియమం పెట్టుకున్నాం: నీళ్ళు పోసిన ఇంటికే కూర. దాంతో నీళ్ళు తగవులాడుకుని మరీ వచ్చాయి. బండి ఎక్కడ నిలపాలన్న గొడవతో ఏడాదిగా మాటల్లేని రెండిళ్ళవాళ్ళు బీరతీగకు పందిరి వేసేటప్పుడు చెరో గుంజ పట్టుకోవాల్సి వచ్చింది. గుంజ పట్టుకుని మౌనంగా ఎంతసేపుంటారు? ముందు "జర ఇటు గుంజు" అన్నారు. తర్వాత అన్నీ మాట్లాడుకున్నారు. దోమలు తగ్గాయి. పొద్దుగూకే వేళకు ఆ ప్లాటు చుట్టూ కుర్చీలు పడేవి. ఎవరికి జ్వరమో, ఎవరికి నౌకరి దొరికిందో అక్కడే తెలిసేది.

రాయి మాత్రం నేను అనుకున్న దారిలో నడవలేదు.

వానకు పసుపు కరిగితే శుక్రవారం శుక్రవారం నేను మళ్ళీ రాసేదాన్ని. చూసి చూసి కుట్టుమిషన్ చెల్లె ఒక అగరుబత్తి వెలిగించింది. ఆమెను చూసి ఇంకొకామె వేపకొమ్మ గుచ్చింది. ఎవరో ఎర్ర జాకెట్ ముక్క చుట్టారు. అటు పోయే ఆటోలు స్లో చేసి, దండం పెట్టుకుని, ఒకసారి హారన్ కొట్టి పోవడం మొదలైంది. అయినా అప్పటికి అది సగం రాయే. పూర్తిగా అమ్మవారు అయింది మాత్రం స్కూటరాయన వల్ల.

స్కూటరాయన వీధి చివరి ఇంట్లో ఉంటాడు. నీళ్ళు పోయడు గాని కూర మాత్రం తెంపుకుంటాడని అందరికీ అనుమానం, ఎవరూ పట్టుకోలేదు. ఒకరోజు ఆయన స్కూటర్ తాళం పోయింది. ఇల్లంతా వెతికి దొరక్క, పోతూ పోతూ రాయికి మొక్కుకున్నాడు. మర్నాడు నేను పుంటికూర మడిలో కలుపు తీస్తుంటే తాళం దొరికింది. తీసుకుపోయి ఇచ్చాను. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని, కాలనీ అంతా వినబడేట్టు, "అమ్మ మహిమ!" అని కొబ్బరికాయ కొట్టాడు. తాళం పుంటికూర మడిలోకి ఎట్లా పోయిందని ఎవరూ అడగలేదు. అందరి ముఖాలూ అమ్మవారి వైపే ఉన్నాయి. ఆ రోజు నుంచి దానికి పేరు కూడా వచ్చింది, మైసమ్మ అని.

అప్పటికి నాలుగో నెల. ఒక ఆదివారం పొద్దున, పాత స్కూటర్ మీద మేమెరుగని తెల్లజుట్టు మనిషి ఒకాయన, వెనక ఒక మేస్త్రీని ఎక్కించుకుని వచ్చి ఆగాడు. హెల్మెట్ తీయకుండానే బెండ మళ్ళ వైపు, చిక్కుడు పందిరి వైపు, మా కుర్చీల వైపు చూశాడు. జేబులోంచి కాగితం తీసి చూసుకున్నాడు.

"అమ్మా, గిది నలభై ఏడేనా?"

"అవ్ అన్నా."

"గిది నా ప్లాటు."

కుట్టుమిషన్ చెల్లె కోసిన బెండకాయలను కొంగుతో కప్పేసింది. నేను లేచి నిలబడ్డాను. కబ్జా కాదని, చెత్త తీసి కూర పెట్టామని, ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోతామని గబగబా చెప్పాను. ఆయన హెల్మెట్ తీశాడు. కోపం మనిషి కాదు. కుర్చీ వేస్తే కూర్చున్నాడు, మంచినీళ్ళు తాగాడు.

"కూర పెట్టుకున్నందుకు ఫికర్ లేదు చెల్లె. చెత్త తీసిన్రు, మంచిదే. కని నాకు జల్ది ఉంది. బడంగ్‌పేట్‌ల కిరాయికుంటున్నం, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మా ఇంటామెకు మోకాళ్ళు అరిగిపోయినయ్. రెండు నెలలాయె తన కాళ్ళతోని కిందికి దిగక. దవాఖానకు పోవాల్నంటే ఇద్దరు మోసుకొస్తరు. 'నన్ను నేల మీద పెట్టు, అంతకన్న నిన్నేం అడుగ' అంటది. గీడ రెండు రూములు వేస్త, ఒక్క మెట్టు లేకుండ. మేస్త్రీ, ముగ్గు పోయ్."

మేస్త్రీ సున్నం డబ్బా తీసుకుని మూల దాకా పోయాడు. పోయి, ఆగి, చెప్పులు విడిచాడు. దండం పెట్టాడు. వెనక్కి వెనక్కి నడుచుకుంటూ స్కూటర్ దాకా వచ్చాడు.

"సార్, ఈడ నేను గడ్డపార వెయ్య."

"ఏమాయె?"

"అమ్మ ఉన్నది సార్."

"గది నా హద్దురాయిరా!"

"ఒకప్పుడు సార్. ఇప్పుడు అమ్మ."

నేను అడ్డం పోయాను. "మేస్త్రన్నా, గా పసుపు నేనే రాసిన. ఇత్తులు ఏసేటప్పుడు రాసిన. కింద నంబరున్నది, నలభై ఏడు," అన్నాను.

మేస్త్రీ నన్ను జాలిగా చూశాడు. "నువ్వు రాసినవనుకుంటున్నవ్ పెద్దమ్మా. అమ్మ నీతోని రాయించుకున్నది."

ఆయన ప్లాటు, ఆయన రాయి, ఆయన భార్య మోకాళ్ళు. నడుమ నా పసుపు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా ఇబ్బంది. నేనిచ్చిన పుంటికూర కట్ట పట్టుకుని, తలూపుతూ పోయాడు. తర్వాతి రెండు ఆదివారాలూ వేరే వేరే మేస్త్రీలను తెచ్చాడు. మొదటివాడు రాయిని చూసి మెడలో గొలుసు కళ్ళకద్దుకుని పోయాడు. రెండోవాడు స్కూటరే దిగలేదు. ఇబ్రహీంపట్నంలో మేస్త్రీలు, కూలీలు నిలబడే అడ్డా మీద నలభై ఏడో నంబరు సంగతి అప్పటికే తెలిసిపోయిందట.

"నువ్వు పెట్టిన బొట్టు, నువ్వే తుడువ్," అన్నాడు మా ఇంటాయన. మాట న్యాయంగానే ఉంది. మంగళవారం పొద్దున్నే బకెట్టు నీళ్ళు, పాత తువ్వాల పట్టుకుని బయల్దేరాను. నంబరు బయటపడితే జనం కళ్ళు తెరుచుకుంటాయని నా ఆశ. రాయి ముందు కూర్చున్నాను. నిజం చెప్తున్నాను, చెయ్యి లేవలేదు. నంబరు మీద పసుపు పూసిన చేతికి ఆ నంబరంటేనే భయం పట్టుకుంది. శుక్రవారం శుక్రవారం దండం పెట్టీ పెట్టీ నేనూ అందులో పడ్డానన్న సంగతి అప్పుడు తెలిసింది. చివరికి "తల్లీ, తప్పుగ అనుకోకు" అని మెల్లగా ఒక చెంబు నీళ్ళు పోశాను.

అదే నా పాలిట ముప్పయింది. మూలింటామె చూసి, "అక్క అమ్మకు స్నానం చేయిస్తున్నది!" అని కేక వేసింది. క్షణంలో ఒకామె చెంబెడు పాలు తెచ్చింది. ఒకామె పెరుగు. కంప్యూటర్ల అమ్మాయి కొబ్బరినీళ్ళ ప్యాకెట్టు కత్తిరించుకుని వచ్చింది. "కడగడానికి, కడగడానికి!" అని నేను అంటుంటే, "అవ్ పెద్దమ్మా, కడగాలె, కడగాలె" అని అందరూ పోశారు. నీళ్ళ కింద నుంచి నాలుగు అంకె కాలు ఒకటి కనబడింది. నేను వేలు పెట్టి, "గిదిగో చూడుండ్రి, నాలుగు!" అన్నాను.

స్కూటరాయన వంగి చూశాడు. "నాలుగు కాదు అక్కా, త్రిశూలం."

త్రిశూలం అనేసరికి పావుకిలో పసుపు పొట్లం తెరిచారు. అరగంట తర్వాత రాయి ముందుకన్నా పచ్చగా, ముందుకన్నా లావుగా అయింది. నేను ఖాళీ బకెట్టు పట్టుకుని ఇంటికి వచ్చాను. మా ఇంటాయన నా చేతుల వైపు చూశాడు. మోచేతుల దాకా పసుపు.

"తుడిచినవా?" అన్నాడు.

"ఏం మాట్లాడకు," అన్నాను.

ఇంక ఆయన భార్యకే ఎదురుగా చెప్పుకోవాలని, ఆ గురువారం చిక్కుడు, బెండ, టమాట సంచి నింపుకుని, మా ఇంటాయనను వెంటబెట్టుకుని, రెండు బస్సులు మారి బడంగ్‌పేట్ పోయాం. మూడంతస్తులు ఎక్కేసరికి నా మోకాళ్ళు కూడా తమ సంగతి చెప్పుకోవడం మొదలుపెట్టాయి. తలుపు తీసి ఉంది. ఆయన భార్య కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని కిందికి చూస్తోంది. కింద రోడ్డు మీద ఒకామె తోపుడుబండి దగ్గర కొత్తిమీర బేరం చేస్తోంది. ఈమె పైనుంచి మనసులోనే బేరం చేస్తోందని ముఖం చూస్తేనే తెలిసింది.

నేను ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను. "వదినా, నీ ఇంటికి అడ్డం పడ్డది అమ్మ కాదు, నేను," అన్నాను. మొదటి నుంచి అంతా చెప్పాను. మా అత్త రాయి, హద్దురాయి, తాళం, త్రిశూలం. చెప్తుంటే ఏడుపు వచ్చింది. ఆమెకు మాత్రం నవ్వు వచ్చింది. చిన్న నవ్వు కాదు. కుర్చీ కదిలింది. లోపల్నుంచి ఆయన పరిగెత్తుకుని వచ్చాడు, ఏమైందోనని.

"ఏం లేదు," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "నీ ప్లాట్ల స్కూటరాయన పుంటికూర దొంగతనం చేస్తే మైసమ్మ పుట్టిందంట."

తర్వాత సంచిలోంచి ఒక చిక్కుడుకాయ తీసి, విరిచి, వాసన చూసింది.

"చెల్లె, అందరు అమ్మను ఎట్ల తీయాల్నని ఆలోచిస్తున్నరు. తీస్తే తప్పే. గట్లెవరు తీస్తరు? నేనైనా తియ్య. కని ఆడిబిడ్డ పుట్టింటికొస్తే ఎన్నొద్దులుంటది? మంచిగ పెట్టుపోతలు చేసి, ఒడిబియ్యం పోసి, సాగనంపరా?"

నేను, మా ఇంటాయన ముఖాలు చూసుకున్నాం. ఎంత సూటి మాట! పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డను మనం పొమ్మనం. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు ఒడి నిండా పోసి, బొట్టు పెట్టి, మళ్ళీ రమ్మని చెప్పి పంపుతాం. ఆమె ఏడుస్తూ పోతుంది, సంతోషంగానూ పోతుంది. తప్పు లేదు, పాపం లేదు.

"మరి అత్తగారిల్లు ఏడ?" అన్నాడు మా ఇంటాయన.

"ఊరి బయట రోడ్డు మీద మైసమ్మ గుడి లేదా? గదే," అంది వదిన. "నేను గూడ వస్త. మొదటి దోసెడు నేను పోస్త."

కాలనీలో ఈ మాట చెప్పేసరికి ఎవరూ కాదనలేదు. రాయిని తీస్తామంటే కొట్టడానికి వచ్చేవాళ్ళే, సాగనంపుదామంటే ఇల్లిల్లూ గిద్దెడు బియ్యం పట్టుకుని వచ్చింది. ఒక్కటే ఇబ్బంది. రాయికి ఒడి ఎక్కడుంటుంది? కుట్టుమిషన్ చెల్లె ఎర్ర పట్టుగుడ్డతో చిన్న చీర, ముందు వైపు జోలె కుడతానంది. మెడలో టేపుతో వచ్చి కొలతలు తీసుకుంది.

"అక్కా, పైన, నడుము, కింద అన్నీ ఒకటే కొలత!"

"నీ గిరాకీల గీమె ఒక్కతే కదలకుండ కొలతిచ్చింది," అన్నాడు మా ఇంటాయన.

పై వారం శుక్రవారం పొద్దున్నే వదినను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులు మూడంతస్తులు దించారట. ఆటోలో వచ్చింది. ఆటో దిగి కర్ర పట్టుకుని నిలబడి, ఎర్రమన్ను మీద అటొక అడుగు ఇటొక అడుగు వేసింది. ఎవరి సాయమూ వద్దంది. బెండ మడి దాకా పోయి, ఆకు వెనక్కి తిప్పి చూసి, "పేను పట్టింది, బూడిద చల్లుండ్రి," అంది. అట్లా మొదటిసారి మమ్మల్ని తిట్టింది.

ఐదుగురు ముత్తైదువలం నిలబడి ఒడిబియ్యం పోశాం. మొదటి దోసెడు వదినదే. వచ్చిన మేస్త్రీ ఎవరనుకుంటున్నారు, మొట్టమొదట చెప్పులు విడిచినవాడే. "సాగనంపుడంటే నేను చెయ్యి పడత. అన్న లెక్క," అన్నాడు. గడ్డపార వేయబోయేసరికి ప్లాటాయన అడ్డం వచ్చాడు.

"ఆగుండ్రి! రాయి పోతే నా హద్దు ఏడున్నదని ఎవలు చెప్తరు?"

టేపు పట్టుకుని అటూ ఇటూ కొలిచి, రాయి పక్కనే ఒక ఇనుప చువ్వ దిగ్గొట్టాడు. దిగ్గొట్టినాక అందరూ నా వైపు తిరిగారు. "చెల్లె, నువ్వు జర దూరంగ నిలబడు," అన్నాడాయన. నేను రెండు అడుగులు వెనక్కి జరిగాను.

రాయి పైన కనిపించినంత కింద కూడా ఉంది. నలుగురు పట్టి లేపారు. అది నేలను వదిలేసరికి కుట్టుమిషన్ చెల్లె నిజంగా గొల్లుమంది. ఆమెను చూసి మూలింటామె. కంప్యూటర్ల అమ్మాయికి ఎందుకు ఏడుస్తున్నారో తెలియకపోయినా ఏడ్చింది. "గది రాయే! నంబరున్న రాయి!" అని మా ఇంటాయన కోప్పడి, అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. స్కూటరాయన ఆటోలో కూర్చుని, చీర కట్టుకున్న అమ్మవారిని ఒడిలో పెట్టించుకున్నాడు. బరువుకు నోట మాట రాలేదు. ఊరి బయట మైసమ్మ గుడిలో దీపం పెట్టే ముసలామెకు మేం భయం భయంగా సంగతి చెప్తే ఆమె ఆశ్చర్యపోలేదు. "ప్లాట్లెక్కడ లేస్తే గక్కడి నుంచి వస్తనే ఉన్నరు. గా మూలకు పెట్టుండ్రి, అక్కచెల్లెండ్ల పక్కన," అంది. చూస్తే నిజమే, వరసగా ఆరేడు రాళ్ళు.

మర్నాడే మేస్త్రీ ముగ్గు పోశాడు. పునాది తవ్వేముందు మేమంతా దిగి ఆఖరి కాపు కోసుకున్నాం. ఆ రోజు వీధిలో ప్రతి ఇంట్లోనూ పుంటికూరే. మొదటి గడ్డపార బెండ మడిలో దిగినప్పుడు నేను ఇంట్లోకి పోయి ఏదో గిన్నె తీసుకుని తోమాను. కోడలు చూసి, ఇంకో గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

అయితే మూడు రోజులకు మా ఇంటాయన ఫోన్ మోగింది. పక్క ప్లాటు ఓనరట, మీర్‌పేట్ నుంచి. తర్వాత ఇంకొకాయన, పెద్ద అంబర్‌పేట్ నుంచి. నంబర్లు ఎవరిచ్చారో మరి. ఇద్దరిదీ ఒకటే మాట: "మేం ఇల్లు కట్టేదాక మా జాగల గూడ కూరగాయలు పెట్టుకోండ్రి అన్నా. చెత్త పడకుంట ఉంటది, ఎవడు కబ్జా చెయ్యడు. కని జర మీ ఇంటామెకు చెప్పు, పసుపు ఇంట్లనే పెట్టి రమ్మను." ఇప్పుడు మాకు రెండు తోటలు. విత్తనం వేసే రోజున నేను చేతులు జోడించి భూమికి నోటితోనే చెప్పుకుంటాను. మా అత్త ఏమనుకుంటుందో తెలియదు.

ప్లాటాయన ఇల్లు ఎండలు ముదరకముందే లేచింది. రెండు గదులు, వంటిల్లు, ముందర చిన్న అరుగు. గడప కూడా నేలకు సమానంగానే పెట్టించాడు, కాలు తట్టకుండా. పాలు పొంగించిన రోజున ఇల్లంతా చుట్టాలు. అందరూ లోపల గదులు చూస్తుంటే వదిన మాత్రం లేదు. ఎక్కడికి పోయిందని ప్లాటాయన ఈ గదీ ఆ గదీ వెతుక్కుంటూ గాబరాపడ్డాడు. నేను బయటికి వచ్చి చూశాను. కొత్త చీరలో, కర్ర పట్టుకుని, ఒక్కతే మా రెండో తోట దాకా నడిచిపోయింది. అక్కడ చెప్పులు పక్కన పెట్టి, వట్టి కాళ్ళతో మట్టిలో నిలబడి, బెండకాయ ఒకటి విరిచి చూస్తోంది.

నన్ను చూసి అక్కడి నుంచే అరిచింది. "ఏమే చెల్లె! గీ కాయలు మొన్ననే తెంపాల్సింది. అన్నీ ముదిరిపోయినయ్. మీకెవ్వరికి ఏమన్న పట్టింపున్నదా?"

"లేదు వదినా, నువ్వు వచ్చినవ్ గదా ఇగ," అన్నాను.

"వచ్చిన. రేపటి నుంచి పొద్దున్నే లేపుత ఒక్కొక్కరిని," అంది, ఇంకో కాయ విరుస్తూ.

మీ ఇల్లు చల్లగా ఉండాలి నాయనా. మీ ఇంటి పెద్దవాళ్ళు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వాకిట్లోకి నడిచి రావాలి, మీ ఇంటి ఆడబిడ్డలు నవ్వుతూ రావాలి, నవ్వుతూ పోవాలి. మీ వంటింట్లో కూర తక్కువ పడకూడదు, తినేవాళ్ళు అసలే తక్కువ పడకూడదు. పది కాలాలు పచ్చగా బతకండి.